డాగ్‌ఫిష్‌కు పాయు వాజం ఉందా, లేదా? స్కోలియోడాన్, స్క్వాలస్ గొడవ

బురుజు నీడ (కర్నూలు)
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ బైపీసీ పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెబుతాను. మొన్న ఒక మోడల్ పేపర్లో "డాగ్‌ఫిష్‌లో ఏ వాజం ఉండదు?" అని అడిగారు. కీలో జవాబు పాయు వాజం, అంటే పొట్ట కింద తోకకు దగ్గరగా ఉండే రెక్క. మా పిల్లలేమో రికార్డులో స్కోలియోడాన్ బొమ్మ గీసి, గీత లాగి మరీ "పాయు వాజం" అని రాసుకున్నారు. "సార్, మా బొమ్మ తప్పా, కీ తప్పా?" అని పట్టుకున్నారు. నెట్‌లో వెతికితే ఇంకా గందరగోళం. ఒకచోట వీపు మీద ముళ్లున్న చేప, ఇంకోచోట ముళ్లే లేనిది, మరోచోట ఒళ్లంతా చుక్కలున్నది. మూడింటి కిందా డాగ్‌ఫిష్ అనే రాశారు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. రేపు క్లాసులో నేను నోరు తెరవాలి కదా.

ర్యాంకు రాజా (కర్నూలు)
అన్నా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? నీట్‌కు ఎన్‌సీఈఆర్‌టీ చాలు. అందులో స్కోలియోడాన్ అంటే డాగ్‌ఫిష్ అని స్పష్టంగా ఉంది. మృదులాస్థి చేప, ప్లాకాయిడ్ పొలుసులు, మొప్పలకు మూత లేదు, గాలితిత్తి లేదు, మగదానికి క్లాస్పర్లు (జతకట్టడానికి వాడే అవయవాలు). ఇంతకు మించి ఎవరూ అడగరు.

బురుజు నీడ (కర్నూలు)
అడిగారు కాబట్టే ఇక్కడ రాశాను తమ్ముడూ.

గుత్తి కోట (అనంతపురం)
సొర అంటే నాకు తెలిసింది సొరకాయే. సముద్రం చూడాలంటే మనకు రాత్రంతా బస్సు ప్రయాణం. మన జిల్లాల పిల్లలను ఈ చేప గురించి అడిగే పెద్దమనిషి ఎవరప్పా?

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
బురుజు నీడ గారూ, మీ పిల్లల బొమ్మ సరైనదే. కీ కూడా వేరే చేప విషయంలో సరైనదే. తప్పు ప్రశ్నలో ఉంది. డాగ్‌ఫిష్ అనేది ఒక జాతి పేరు కాదు, ఒక కుటుంబం పేరు కూడా కాదు. చిన్న సొరచేపలను రకరకాల దేశాల జాలర్లు పిలిచిన వాడుక పేరు. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, చిక్కంతా అక్కడే మొదలైంది.

అమెరికా కాలేజీల్లో డిసెక్షన్‌కు వాడే సొర స్క్వాలస్ అకాంథియస్. వీపు మీద ముళ్లున్నది అదే. బ్రిటన్ పుస్తకాల్లో కనిపించేది స్కైలియోరైనస్ కానిక్యులా. చుక్కల చేప అది. మన దేశంలో స్కోలియోడాన్. పరీక్ష పేపరు తయారుచేసేవాళ్లు బొమ్మ ఒక దేశం పుస్తకంలోంచి, ప్రశ్న ఇంకో దేశం పుస్తకంలోంచి తీస్తే మీ కీ లాంటిదే తయారవుతుంది. ఇది నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ప్రశ్న రాసేవాళ్లలో ఎక్కువమంది ఆ చేపను చేత్తో పట్టుకొని చూసి ఉండరు.

వర్గీకరణలో ఇవి ఎంత దూరమో చూడండి. మూడూ కాండ్రిక్తిస్ విభాగం, ఎలాస్మోబ్రాంకియై ఉపవిభాగం. అంతవరకే కలిసి నడుస్తాయి. ఆ తర్వాత స్క్వాలస్ దారి వేరు. అది స్క్వాలిఫార్మిస్ క్రమం, స్క్వాలిడే కుటుంబం. స్కోలియోడాన్, స్కైలియోరైనస్ రెండూ కార్కరైనిఫార్మిస్ క్రమమే గానీ, మొదటిది కార్కరైనిడే కుటుంబం, రెండోది స్కైలియోరైనిడే కుటుంబం. అంటే మన స్కోలియోడాన్‌కు స్క్వాలస్ కంటే పులి సొర దగ్గరి చుట్టం.

పాయు వాజం సంగతి: స్క్వాలిఫార్మిస్ క్రమంలో ఏ చేపకూ అది ఉండదు. కార్కరైనిఫార్మిస్‌లో ఉంటుంది. మీ పిల్లలతో చెప్పండి, గీసిన గీత చెరపొద్దని.

బురుజు నీడ (కర్నూలు)
మేడం, ప్రాణం లేచి వచ్చింది. అయితే చేపను చూడగానే ఏది ఏదో తేల్చుకోవడానికి వరుసగా ఏం చూడాలి? పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తా.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
ముందు వీపు చూడండి. స్క్వాలస్‌కు రెండు పృష్ఠ వాజాలు, ఒక్కోదాని ముందు అంచున ఒక్కో గట్టి ముల్లు. ఆ ముల్లుకు ఎనామిల్ పూత ఉంటుంది. స్కోలియోడాన్‌కు ముల్లే లేదు. పైగా రెండో పృష్ఠ వాజం మరీ చిన్నది, పాయు వాజానికి పైన, కాస్త వెనగ్గా ఉంటుంది. స్కైలియోరైనస్‌కు రెండు పృష్ఠ వాజాలూ తోక వైపు జరిగి ఉంటాయి. మొదటిది కూడా శ్రోణి వాజాలు (పొట్ట కింద జతగా ఉండే రెక్కలు) దాటాకే మొదలవుతుంది.

తర్వాత తలకాయ. కంటి వెనక చిన్న రంధ్రం, స్పైరకిల్ అంటాం. స్క్వాలస్‌కు అది పెద్దగా కనిపిస్తుంది. స్కైలియోరైనస్‌కూ ఉంది. స్కోలియోడాన్‌కు లేదు. కంటిని మూసే నిమేషక పటలం స్కోలియోడాన్‌కు ఉంది, స్క్వాలస్‌కు లేదు. ముట్టె కూడా చూడండి. స్కోలియోడాన్ ముట్టె బాగా పలచగా, వెడల్పుగా, పార ఆకారంలో ఉంటుంది. స్క్వాలస్‌ది మొన తేలి ఉంటుంది.

నోరు మూడింటికీ తల కింద వైపునే. మొప్ప చీలికలు మూడింటికీ అయిదు జతలే, కాబట్టి ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. తోక మూడింటికీ హెటిరోసర్కలే. వెన్నుపూసల వరుస పై తమ్మెలోకి సాగుతుంది. పళ్లలో తేడా ఉంది. స్క్వాలస్ పళ్లు చిన్నవి, అడ్డంగా వాలి ఒకదానికొకటి ఆనుకొని వరుసంతా ఒకే కోత అంచు అవుతుంది. స్కోలియోడాన్ పళ్ల మొనలు కూడా ఏటవాలే, కానీ విడివిడిగా తెలుస్తాయి, అంచుకు రంపపు కోరలు ఉండవు.

సైజు అడుగుతారు. స్కోలియోడాన్ మీటరు కూడా పెరగదు, 70 సెంటీమీటర్లు దాటితే పెద్దదే. స్క్వాలస్ అకాంథియస్ మామూలుగా మీటరు వరకు పెరుగుతుంది, కొన్ని అంతకన్నా పెద్దవి. దాని బూడిద రంగు పక్కల మీద తెల్లటి చుక్కలు కొన్ని ఉంటాయి. చుక్కలు చూసి దాన్ని స్కైలియోరైనస్ అనుకోవద్దు. స్కైలియోరైనస్‌వి ముదురు రంగు చుక్కలు, ఒళ్లంతా చిక్కగా ఉంటాయి.

పెన్నా గట్టు (కడప)
టీచరమ్మా, నాదో సందేహం. మా కడప చేపల మార్కెట్‌కు నెల్లూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో సముద్రపు చేపలు వస్తాయి. ఆదివారం పాల సొర అని చెప్పి ఒకటి ఇచ్చారు. మూర పొడవు ఉంది. మా చెల్లెలు బాలింత, పాలు పడతాయని మా నెల్లూరు అత్త పట్టుబట్టి తెప్పించింది. కోసే ముందు మీరు చెప్పినవన్నీ చూశా. ముల్లు లేదు. కింద పాయు వాజం ఉంది. అయితే ఇది స్కోలియోడానేనా? నోటి మూలల దగ్గర గట్టిగా గీత గీసినట్టు పొడవాటి గాడి ఉంది. ముట్టె పొడుగ్గా ఉంది గానీ పార అంత పలచగా లేదు.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
ఆ గాడి చెప్పి మంచి పని చేశారు. అది రైజోప్రియోనోడాన్ అయ్యుంటుంది. పాల సొర అని ఎక్కువగా పిలిచేది ఆ ప్రజాతిలోని అక్యూటస్ జాతినే. స్కోలియోడాన్‌కు నోటి మూలల్లోని గాడులు చాలా పొట్టి. ఇంకో గుర్తు మొదటి పృష్ఠ వాజం. స్కోలియోడాన్‌లో అది బాగా వెనక్కి జరిగి ఉంటుంది, దాని వెనక కొస శ్రోణి వాజాల మీదికి వస్తుంది. రైజోప్రియోనోడాన్‌లో అంత వెనక్కి రాదు. రెండూ ఒకే కుటుంబం, అందుకే బజార్లో కలిపి అమ్మేస్తారు.

పాలు పడే సంగతి డాక్టరును అడగండి. అది జువాలజీ కాదు.

పెన్నా గట్టు (కడప)
అడుగుతాం అమ్మా. ఇంకోటి, కడిగేటప్పుడు ఒకటే ఘాటు. ఉచ్చ వాసన అనాలి, క్షమించండి. పాడైపోయిందేమో అని పడేయబోతే అత్త ఆపింది. చింతపండు పులుసుతో కడిగి, ఉడకబెట్టి, ఆ గరుకు తోలు వలిచేసి, కండ పొడి చేసి అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి వేయించింది. సొర పిట్టు అంట. తింటే వాసన లేదు.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
మీ అత్తగారు చేసిన పనిలో బోలెడు ఫిజియాలజీ ఉంది. సొరచేపలు రక్తంలో, కండలో యూరియాను కావాలనే నిలవ ఉంచుకుంటాయి. సుమారు 2 శాతం ఉంటుంది. మన ఒంట్లో అంత ఉంటే బతకం. సముద్రపు నీటి ఉప్పదనంతో సమానంగా ఒంట్లో ద్రవాభిసరణ పీడనం నిలబెట్టడానికి ఈ ఏర్పాటు. యూరియా ప్రొటీన్లను పాడుచేయకుండా ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే ఇంకో పదార్థం కాపలా ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా యూరియాను విడగొడితే అమ్మోనియా వస్తుంది, మీకు తగిలిన ఘాటు అదే. పులుపు అమ్మోనియాను కట్టేస్తుంది. ఎక్కువైన ఉప్పును బయటికి పంపడానికి పురీషనాళం దగ్గర ఒక గ్రంథి ఉంటుంది, రెక్టల్ గ్రంథి. దాని పని గురించి శాస్త్రజ్ఞులు నేర్చుకున్నది చాలావరకు స్క్వాలస్ అకాంథియస్ మీదే.

తోలు గరుకు అన్నారు. అవి ప్లాకాయిడ్ పొలుసులు. ఒక్కోటి నిర్మాణంలో పన్నే. లోపల గుజ్జు కుహరం, చుట్టూ డెంటిన్, పైన ఎనామిల్ లాంటి పూత. మొనలన్నీ తోక వైపు తిరిగి ఉంటాయి. తల నుంచి తోకకు చెయ్యి రాస్తే నున్నగా, తోక నుంచి తలకు రాస్తే గీరుకుంటుంది. పాతకాలంలో వడ్రంగులు కర్రను నునుపు చేయడానికి ఈ తోలునే వాడేవారు.

నిర్వాహకులు
సొర పిట్టు కొలతలు అడుగుతూ వచ్చిన పోస్టులను వంటల విభాగానికి మార్చాం. ఇక్కడ చేప గురించే మాట్లాడండి.

ప్రొద్దుటూరు టు బెర్గెన్
నేను ప్రొద్దుటూరు వాణ్ని, ఉద్యోగం కోసం నార్వేలో ఉంటున్నా. ఇక్కడ స్క్వాలస్ అకాంథియస్‌ను కళ్లారా చూశా. ముల్లు నిజంగా పదును. పట్టుకుంటే ఒళ్లు విల్లులా వంచి ముల్లుతో కొడుతుంది. ముల్లు వెనక గాడిలో విషం ఊరే కణజాలం ఉంటుంది. ప్రాణం పోదు గానీ నొప్పి, వాపు గట్టిగా ఉంటాయి. అందుకే వలలోంచి తీసేటప్పుడు మందపాటి గ్లౌజులు వేసుకుంటారు.

ఇంగ్లండ్‌లో దీన్నే రాక్ సాల్మన్ అని పేరు మార్చి చిప్స్‌తో అమ్ముతారు. సాల్మన్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. జర్మనీలో పొట్ట కింది కండను పొగబెట్టి అమ్ముతారు. అసలు పేరుతో అమ్మితే జనం కొనరని వాళ్ల భయం.

ఇంకో విషయం. ఆ ముల్లు మీద వలయాల్లాగా గీతలు ఏర్పడతాయి. వాటిని లెక్కపెట్టి వయసు చెబుతారు.

గుత్తి కోట (అనంతపురం)
ఎంత బతుకుతుందేంటి?

ప్రొద్దుటూరు టు బెర్గెన్
అట్లాంటిక్‌లోవి కొన్ని దశాబ్దాలు. పసిఫిక్ వైపువి ఇంకా ఎక్కువ, 80 ఏళ్ల దాకా. అన్నట్టు, పసిఫిక్ ఉత్తర భాగంలోది ఇప్పుడు వేరే జాతి. స్క్వాలస్ సక్లేయి అని 19వ శతాబ్దంలోనే పేరు పెట్టారు. తర్వాత రెండూ ఒకటే అని కలిపేశారు. 2010లో కొలతలు, జన్యువులు చూసి మళ్లీ విడగొట్టారు. పాత పుస్తకాల్లో రెండూ అకాంథియస్ పేరుతోనే ఉంటాయి.

ర్యాంకు రాజా (కర్నూలు)
సరే, నాకూ ఆసక్తి పుట్టింది. షార్ట్‌కట్ ఇలా పెట్టుకోవచ్చా: స్క్వాలిఫార్మిస్ అయితే ముల్లు ఉంటుంది, పాయు వాజం ఉండదు. ముల్లు కనిపిస్తే స్క్వాలిఫార్మిస్ అని టిక్ పెట్టేయొచ్చు.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
పాయు వాజం ఉండదన్నది పెట్టుకో నాయనా, ముల్లు సంగతి వదిలెయ్. స్క్వాలిఫార్మిస్‌లో ముల్లు లేనివి చాలా ఉన్నాయి. గ్రీన్‌లాండ్ సొర, సోమ్నియోసస్ మైక్రోసెఫాలస్, అదే క్రమం. దానికి పృష్ఠ వాజాల ముందు ముళ్లు లేవు. అదే క్రమంలోని డలాటియాస్‌కూ లేవు. అటువైపు వేరే క్రమంలోని హెటిరోడాంటస్ అనే సొరకు రెండు ముళ్లూ ఉన్నాయి, పాయు వాజమూ ఉంది. కాబట్టి ముల్లు ఒక్కటే చూసి టిక్ పెడితే దెబ్బ తింటావ్.

ఈ క్రమంలో 120కి పైగా జాతులున్నాయి. ఎట్మోప్టెరస్ పెర్రీ అని 20 సెంటీమీటర్లకు అటూఇటూ ఉండే చిన్నది, ఒంటి మీద వెలుగు ఇచ్చే అవయవాలతో, ఇందులోనే ఉంది. ఆరు మీటర్లు దాటి పెరిగే గ్రీన్‌లాండ్ సొరా ఇందులోనే ఉంది. 2016లో కంటి కటకంలోని రేడియోకార్బన్‌తో లెక్కకట్టి, పరిశీలించిన వాటిలో పెద్ద ఆడ గ్రీన్‌లాండ్ సొర వయసు 392 ఏళ్లన్నారు. 120 ఏళ్లు అటూఇటూ. తక్కువ వైపు తీసుకున్నా 272 ఏళ్లు. ఇవన్నీ డాగ్‌ఫిష్ సొరల క్రమమే. ఇక డాగ్‌ఫిష్ అనే మాట పట్టుకొని శరీర లక్షణాలు అడగడం ఎంతవరకు సబబో మీరే చెప్పండి.

నల్లమల గాలి (కర్నూలు)
నాదో ప్రశ్న. ఇంత తేడా ఉన్నప్పుడు మొదట్లో వీటన్నింటినీ ఒకే గంపలో ఎవరు వేశారు?

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
లిన్నేయస్. 1758లో ఆయన స్క్వాలస్ అనే ప్రజాతిలో ముళ్ల డాగ్‌ఫిష్‌నే కాదు, తెల్ల సొరను, సుత్తితల సొరను, చుక్కల డాగ్‌ఫిష్‌ను కూడా పెట్టాడు. ఈరోజు స్కైలియోరైనస్ కానిక్యులా అంటున్నది అప్పట్లో స్క్వాలస్ కానిక్యులా. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ పుస్తకంలో సొరలు చేపల్లో లేవు, ఉభయచరాల్లో ఉన్నాయి! తర్వాతివాళ్లు ఒక్కోదాన్నీ తీసి వేరే ప్రజాతుల్లో సర్దారు. స్కోలియోడాన్ లాటికాడస్ పేరు 1838 నాటిది, ముల్లర్, హెన్లే పెట్టారు. మన పాత ప్రాక్టికల్ పుస్తకాల్లో దీన్నే స్కోలియోడాన్ సొర్రకోవా అని రాసేవారు. మీ ఇంట్లో అన్నయ్యల రికార్డుల్లో ఆ పేరు కనిపిస్తే అదీ ఇదే చేప.

సర్దుబాటు ఇంకా ఆగలేదు. ఎకైనోరైనస్ అనే ముళ్ల తోలు సొరను మొన్నమొన్నటి దాకా స్క్వాలిఫార్మిస్‌లోనే ఉంచారు. ఇప్పుడు చాలామంది దానికి వేరే క్రమం ఇస్తున్నారు. కొచ్చి హార్బర్‌లో లోతు సముద్రపు సొరలతో పాటు అది కూడా దిగుతుంది.

నల్లమల గాలి (కర్నూలు)
లోతు సొరలు అంటే కాలేయం నూనె కోసం పట్టేవేనా?

ప్రొద్దుటూరు టు బెర్గెన్
అవే. సెంట్రోఫోరస్ లాంటివి. గాలితిత్తి లేదు కాబట్టి తేలడానికి నూనె నిండిన పెద్ద కాలేయమే ఆధారం. ఆ నూనెలోని స్క్వాలీన్‌ను జపాన్‌లో త్సుజిమోటో అనే రసాయన శాస్త్రవేత్త 1906లో గుర్తించాడు. పేరు కూడా ఈ సొరల నుంచే వచ్చింది. లోతు సొరల కాలేయంలో అది మరీ ఎక్కువ, అదే వాటి కొంప ముంచింది.

గుత్తి కోట (అనంతపురం)
గాలితిత్తి లేదు కాబట్టి ఎప్పుడూ ఈదుతూనే ఉండాలని పుస్తకంలో ఉంది. మరి నిద్ర?

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
అది అన్నింటికీ వర్తించదు. ఈదకపోతే మునుగుతాయి, నిజమే. మునిగి అడుగున కూర్చుంటే నష్టమేమీ లేని సొరలు ఎన్నో ఉన్నాయి. స్కైలియోరైనస్ పగలంతా అడుగున పడుకునే ఉంటుంది. నోటితో నీళ్లు పీల్చి మొప్పల మీదుగా పంపుకుంటుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు.

బురుజు నీడ (కర్నూలు)
మేడం, పిల్లలు ఇంకోటి అడుగుతారు. ఇవి గుడ్లు పెడతాయా, పిల్లల్ని కంటాయా?

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
మూడు డాగ్‌ఫిష్‌లకు మూడు పద్ధతులు. నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

స్కైలియోరైనస్ గుడ్లు పెడుతుంది. గట్టి తిత్తిలో ఒక్కో గుడ్డు, తిత్తి నాలుగు మూలలకూ పొడవాటి తీగలు. ఆ తీగలు సముద్రపు నాచుకు చుట్టుకుంటాయి. లోపల పిల్ల నెలల తరబడి పెరిగి బయటికి వస్తుంది. స్క్వాలస్ అకాంథియస్ గుడ్డును కడుపులోనే ఉంచుకుంటుంది, పిల్ల తన సొంత పచ్చసొన మీద పెరుగుతుంది, తల్లితో జరాయువు (మాయ) బంధం లేదు. గర్భం రెండేళ్ల దగ్గరకు, 18 నుంచి 24 నెలలు. ఏనుగుతో పోటీ. పుట్టేటప్పుడు ముళ్లు తల్లికి గుచ్చుకోకుండా పిల్లల ముళ్ల మొనలకు మెత్తటి తొడుగు ఉంటుంది.

స్కోలియోడాన్ దారి మరొకటి. దాని గుడ్డు మిల్లీమీటరు సైజు, సొరల్లో ఇంత చిన్నది అరుదు. పచ్చసొన దాదాపు లేనట్టే. కాబట్టి పిల్ల చాలా ముందుగానే తల్లి మీద ఆధారపడుతుంది. జరాయువు ఏర్పడుతుంది, బొడ్డుతాడు కూడా ఉంటుంది. చేపకు బొడ్డుతాడు అంటే మా క్లాసులో ఎప్పుడూ ఒకరిద్దరు నవ్వేవారు. డిసెక్షన్‌లో గర్భంతో ఉన్న చేప దొరికినప్పుడు ఆ నవ్వు ఆగిపోయేది. ఇప్పుడు కోతలు లేవు, కంప్యూటర్ బొమ్మలే. కపాల నరాలు ఫార్మలిన్ ఘాటుకు కళ్లు నీళ్లు కారుతూ వెతికిన తరం మాది. జంతువులకు మంచిదే అయింది, కాదనను.

పెన్నా గట్టు (కడప)
పేగు కోసినప్పుడు లోపల పలచటి పొర చుట్టగా చుట్టుకొని కనిపించింది. పురుగేమో అనుకున్నాం.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
పురుగు కాదు, పేగు కవాటం. సొరల పేగు పొట్టి, ఆహారం త్వరగా జారిపోకుండా, పీల్చుకునే వైశాల్యం పెరగడానికి ఈ మడత. కార్కరైనిడే కుటుంబంలో అది చుట్టిన కాగితం తరహాలో, స్క్రోల్ కవాటం. స్క్వాలస్‌లో మెలిక మెట్ల తరహాలో, స్పైరల్ కవాటం. పుస్తకాల్లో రెండింటినీ కలిపి స్పైరల్ అనేస్తారు. పీజీ ఎంట్రన్స్‌కు చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

నల్లమల గాలి (కర్నూలు)
సొరలు అమ్మడం చట్టప్రకారం ఓకేనా? అడవి శాఖ వాళ్లతో తిరిగేవాణ్ని, అందుకే అడుగుతున్నా.

ప్రొద్దుటూరు టు బెర్గెన్
అన్ని సొరలకూ ఒకే నియమం లేదు. తిమింగల సొర 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ముట్టుకుంటే జైలే. కార్కరైనిడే కుటుంబం మొత్తాన్ని 2022లో సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. అది దేశాల మధ్య వ్యాపారానికి సంబంధించింది. స్కోలియోడాన్, పాల సొర రెండూ ఆ కుటుంబంలోవే.

బురుజు నీడ (కర్నూలు)
ఈరోజు క్లాసు అయిపోయింది. ప్రశ్నను ఇలా మార్చి పెట్టా: "స్క్వాలస్ అకాంథియస్‌లో ఉండనిది, స్కోలియోడాన్ లాటికాడస్‌లో ఉండేది ఏది? 1. స్పైరకిల్ 2. పాయు వాజం 3. పృష్ఠ వాజ ముల్లు 4. మొప్ప చీలికలు." సగం మంది స్పైరకిల్ పెట్టారు.

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
ప్రశ్న బాగుంది. స్పైరకిల్ ఉన్నది స్క్వాలస్‌కు, లేనిది స్కోలియోడాన్‌కు. వాళ్లు తిరగేసి చదివారు. "ఉండనిది" అన్న మాట కింద గీత పెట్టండి. వచ్చేసారి నిమేషక పటలం కూడా ఆప్షన్లలో వేయొద్దు. అది కూడా స్కోలియోడాన్‌కే ఉంది కాబట్టి రెండు జవాబులు అవుతాయి.

ర్యాంకు రాజా (కర్నూలు)
నేను 2 పెట్టా. మేడం, ముల్లూ పాయు వాజమూ రెండూ ఉన్న ఆ హెటిరోడాంటస్ ఏ క్రమం?

జువాలజీ టీచరమ్మ (అనంతపురం)
హెటిరోడాంటిఫార్మిస్. ఆ క్రమంలో ఉన్నది ఆ ఒక్క ప్రజాతే. ముందు పళ్లు పట్టుకోవడానికి మొనదేలి, వెనక పళ్లు గవ్వలు నలగ్గొట్టడానికి చదునుగా ఉంటాయి. గుడ్డు తిత్తి మరమేకు ఆకారంలో ఉంటుంది. దాని గురించి అడగాలంటే కొత్త చర్చ మొదలుపెట్టు, ఇది ఇప్పటికే పొడవైపోయింది.